నెలల లెక్క, వారాల లెక్క: గర్భస్రావంలో ఏ దశకు ఏ వైద్య పద్ధతి?



ఇలాంటి వార్షిక సంచికల్లో షుగరు వ్యాధి గురించి, కంటి శుక్లాల గురించి వైద్య వ్యాసాలు వస్తుంటాయి. గర్భస్రావం గురించి రాయాలంటే మాత్రం అందరం తటపటాయిస్తాం. కానీ వైద్య సహాయం కోసం వచ్చే కుటుంబాల్లో ఈ కష్టంతో వచ్చేవారూ ఉంటారు. వారు ఆ మాట దరఖాస్తులో రాయరు. ‘ఆడవాళ్ల జబ్బు’ అనో, ‘చిన్న ఆపరేషన్’ అనో రాస్తారు. కాగితం చూసే కమిటీలో ఎక్కువమంది మగవారు కాబట్టి వివరం అడగలేరు. వచ్చినామె నోరు విప్పి చెప్పలేదు. ఈలోగా రెండు వారాలు గడిచిపోతాయి. ఆ రెండు వారాల్లో ఏమేమి మారిపోతాయో దాతలకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

ఎవరి లెక్క వారిది

గర్భం వయసును మన సమాజంలో మూడు రకాలుగా లెక్కిస్తారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు నెలలు చెబుతారు. ‘ఐదో నెల’ అంటే ఐదు నిండాయా, నాలుగు నిండి ఐదోది నడుస్తోందా అన్నది చెప్పేవారిని బట్టి ఉంటుంది. నెల తప్పిన రోజు నుంచి లెక్కపెట్టేవారూ ఉన్నారు. డాక్టర్లు వారాలు చెబుతారు. వారి లెక్క చివరి నెలసరి మొదలైన రోజు నుంచి నడుస్తుంది. ధర్మవేత్తలు రోజులు చెబుతారు. వారి లెక్క గర్భం నిలిచిన రోజు నుంచి. గర్భం నిలిచేది సాధారణంగా నెలసరి మొదలైన రెండు వారాలకు కాబట్టి డాక్టరు లెక్క ఎప్పుడూ ఓ 14 రోజులు ముందుంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఇల్లాలికి చివరి నెలసరి జనవరి 1న వచ్చింది. అది లీపు సంవత్సరం కాదు. డాక్టరు లెక్కలో ఆమెకు మార్చి 5కు 9 వారాలు, మార్చి 26కు 12 వారాలు, మే 21కి 20 వారాలు, జూన్ 18కి 24 వారాలు నిండుతాయి. షరీఅత్ చర్చల్లో వినిపించే 120 రోజులు మే 15న నిండుతాయి. అంటే డాక్టరు లెక్కలో 19 వారాల ఒక రోజు. ఈ తేదీలు గుర్తుంచుకోండి, వ్యాసం చివరిదాకా పనికొస్తాయి.

నెలసరి క్రమంగా రానివారికి, పసిబిడ్డకు పాలిస్తూ మళ్లీ నెలసరి చూడకుండానే గర్భం దాల్చినవారికి ఈ లెక్క కుదరదు. వారికి స్కానింగే దిక్కు. తొలి మూడు నెలల్లో తీసిన స్కాన్ వయసును కొద్ది రోజుల తేడాతో చెబుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ కచ్చితత్వం తగ్గుతుంది.

తొమ్మిది వారాల లోపు: మాత్రలు

మన దేశపు చట్టం ప్రకారం మాత్రలతో గర్భస్రావం 9 వారాల వరకే. ఇందులో రెండు మందులున్నాయి. మొదటిది మిఫెప్రిస్టోన్. గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పనిని ఇది అడ్డుకుంటుంది. ఒకటి రెండు రోజుల తరువాత ఇచ్చే మిసోప్రొస్టాల్ గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసి లోపలిదాన్ని బయటికి పంపుతుంది. సరిగా వాడితే నూటికి 95 మందికి పైగా ఈ మాత్రలతోనే పూర్తవుతుంది. మిగిలినవారికి లోపల ముక్కలు నిలిచిపోయి, శుభ్రం చేయవలసి వస్తుంది. కడుపునొప్పి, నెలసరికన్నా ఎక్కువ రక్తస్రావం మామూలే. చుక్కలుగా కనబడటం రెండు వారాల దాకా సాగవచ్చు. అంతా పూర్తయిందో లేదో చూసుకోవడానికి రెండు వారాలకు మళ్లీ వెళ్లాలి. మనవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ రాకనే.

2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2015లో మన దేశంలో జరిగిన గర్భస్రావాలు సుమారు 1 కోటి 56 లక్షలు. వాటిలో 73 శాతం ఆసుపత్రుల బయట, మాత్రలతో జరిగాయి. అంటే మందుల షాపులో కొని ఇంట్లో మింగినవే ఎక్కువ. మాత్ర మంచిదే. అది మింగే ముందు తెలుసుకోవలసినవి తెలియకపోవడమే ప్రమాదం. గర్భం గర్భాశయంలో కాక పక్కనున్న ట్యూబులో నిలిచి ఉంటే ఈ మాత్రలు దాని మీద పనిచేయవు. కొంచెం రక్తం కనబడగానే పని అయిపోయిందని ఆమె అనుకుంటుంది. లోపల ట్యూబు పెరిగి పెరిగి పగులుతుంది. అప్పుడు గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అలాగే ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉన్నవారు, రక్తం గడ్డకట్టని జబ్బున్నవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు, లోపల కాపర్-టీ ఉన్నవారు డాక్టరు చూడకుండా వీటి జోలికి పోకూడదు. వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండు మందపాటి ప్యాడ్లు తడిసిపోతున్నా, జ్వరం ఒక రోజుకు మించి తగ్గకపోయినా, దుర్వాసన వస్తున్నా రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక్కడ ఒక మాట. చట్టంలో ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ అని ఉంటుంది, పొడి అక్షరాల్లో ఆర్.ఎం.పి. మన ఊళ్లలో ఆర్.ఎం.పి. డాక్టరంటే సూది మందులు వేసే స్థానిక వైద్యుడు. అక్షరాలు ఒకటే, మనుషులు వేరు. చట్టం చెప్పే ఆర్.ఎం.పి. అల్లోపతి పట్టా ఉండి, స్త్రీల వైద్యంలో పీజీ చేసినవారు గాని, నిర్ణీత శిక్షణ, అనుభవం ఉన్నవారు గాని. ఈ అక్షరాల పొరపాటు వల్ల ‘డాక్టరుగారే ఇచ్చారు కదా’ అని ధైర్యం చేసేవారు తక్కువేమీ కాదు.

పన్నెండు వారాల వరకు: పీల్చి తీసే పద్ధతి

దీన్ని ఎం.వి.ఏ. అంటారు. సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని గర్భాశయంలోకి పంపి, చేతితో లాగే పెద్ద సిరంజి ద్వారా లోపలిదాన్ని పీల్చి తీస్తారు. గర్భాశయ ముఖద్వారం దగ్గర మత్తు సూది వేస్తే చాలు. పది పదిహేను నిమిషాల పని. కొన్ని గంటలు చూసుకుని అదే రోజు ఇంటికి పంపిస్తారు. విద్యుత్ యంత్రంతో పీల్చేదీ ఉంది.

మన ఇళ్లలో దేన్నైనా ‘డి అండ్ సి’ అనే అంటారు. అసలు డి అండ్ సి అంటే లోహపు గరిటెలాంటి సాధనంతో గర్భాశయాన్ని గీకి తీయడం. దానివల్ల గాయాలు, నొప్పి ఎక్కువ. అది పాతబడిన పద్ధతి, దాని స్థానంలో పీల్చి తీసే పద్ధతినే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. ‘ఏ పద్ధతిలో చేస్తారు డాక్టరుగారూ?’ అని అడగడంలో తప్పులేదు.

ఈ మాత్రలు, ఈ సిరంజి కేవలం కోరి చేయించుకునే గర్భస్రావానికే అనుకోకూడదు. పిండం గుండె తనంతట తాను ఆగిపోయినప్పుడు, సగం పడిపోయి సగం నిలిచిపోయినప్పుడు చేసే వైద్యమూ ఇదే. ఆసుపత్రిలో ఒకే గదిలోకి, ఒకే బల్ల మీదికి ఇద్దరూ వెళతారు. ఆ గది బయట కనబడినామె గురించి మొహల్లాలో మాట్లాడేవారికి ఆమె ఏ దుఃఖంతో వచ్చిందో తెలియదు.

పదమూడు నుంచి ఇరవై నాలుగు వారాలు

12 వారాలు దాటితే పని స్వభావమే మారిపోతుంది. ఆసుపత్రిలో చేర్చుకోవాలి. సాధారణంగా మొదట మిఫెప్రిస్టోన్ ఇచ్చి, ఒకటి రెండు రోజుల తరువాత మిసోప్రొస్టాల్‌ను కొన్ని గంటలకు ఒకసారి చొప్పున ఇస్తూ పోతారు. జరిగేది చిన్న కాన్పులాంటిదే. నొప్పులు వస్తాయి, పిండం, మాయ బయటికి వస్తాయి. చాలామందికి ఒక రోజులో ముగుస్తుంది, కొందరికి ఇంకా సమయం పడుతుంది. మాయ పూర్తిగా రాకపోతే తీయాలి. ఇదివరకు సిజేరియన్ అయినవారిలో పాత కుట్టు మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి మోతాదు, జాగ్రత్త రెండూ వేరు. రక్తం ఎక్కించే ఏర్పాటు, అవసరమైతే ఆపరేషన్ చేసే ఏర్పాటు లేనిచోట ఈ దశలో చేయించుకోకూడదు. ముఖద్వారాన్ని ముందుగా మెత్తబరచి, సాధనాలతో తీసే డి అండ్ ఇ అనే పద్ధతి కూడా ఉంది. అది ప్రత్యేక శిక్షణ పొందిన చేతులు చేయవలసిన పని.

మన అమ్మల కాలంలో ఈ దశలో ఉప్పు ద్రావణం ఎక్కించేవారు. దాని ప్రమాదాలు చూసి వదిలేశారు. తరువాత గొట్టం ద్వారా ఎథాక్రిడిన్ అనే పసుపు మందు ఎక్కించేవారు. మాత్రలు వచ్చాక అదీ వెనకబడింది. ఇప్పటికీ ఆ పాత కథలు చెప్పి కోడళ్లను భయపెట్టే పెద్దమ్మలున్నారు. ఆ భయంతో ఆసుపత్రి మానేసి నాటు మందులవైపు పోవడం అసలు ప్రమాదం. మొదటి మూడు నెలల్లో సరైన చోట చేస్తే గర్భస్రావంలో ప్రాణాపాయం చాలా అరుదు. వారాలు పెరిగేకొద్దీ రక్తస్రావం, గర్భాశయానికి గాయం అయ్యే అవకాశాలు పెరుగుతాయి. జనవరి 1 ఉదాహరణలోని ఇల్లాలు మార్చి మొదటి వారంలో వస్తే మాత్రలతో, మూడో వారంలో వస్తే పావుగంట పనితో తేలేది. ఏప్రిల్‌లో వస్తే మంచం, రక్తం, తోడు మనిషి అన్నీ కావాలి.

చట్టం ఏమంటుంది?

గర్భస్రావ చట్టం 1971లో చేశారు. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2021లో సవరించారు. ఇప్పుడు 20 వారాల వరకు ఒక అర్హతగల డాక్టరు అభిప్రాయం చాలు. తల్లి ప్రాణానికి, శరీర మానసిక ఆరోగ్యానికి ముప్పు, బిడ్డకు తీవ్రమైన లోపం, అత్యాచారం, గర్భనిరోధక సాధనం విఫలం కావడం వంటివి అందుకు కారణాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు అంగీకరించాలి, అదీ కొందరికే. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్తను కోల్పోయినవారు లేదా విడాకులైనవారు, తీవ్ర వైకల్యం ఉన్నవారు, మానసిక వ్యాధిగ్రస్తులు, పిండంలో లోపం తేలినవారు, విపత్తుల్లో చిక్కుకున్నవారు ఆ జాబితాలో ఉన్నారు. 24 వారాలు దాటాక పిండంలో తీవ్రమైన లోపం ఉంటే రాష్ట్ర మెడికల్ బోర్డుకు వెళ్లాలి. బోర్డు మూడు రోజుల్లో తన నిర్ణయం చెప్పాలి. తల్లి ప్రాణాన్ని వెంటనే కాపాడవలసిన అత్యవసరంలో ఈ వారాల హద్దు అడ్డురాదు.

18 ఏళ్లు నిండిన స్త్రీ తన సంతకం తాను చేస్తే చాలు. భర్త సంతకం చట్టం అడగలేదు. భార్యాభర్తలు కలిసి మాట్లాడుకోవడం మంచిదే. కానీ భర్త గల్ఫ్‌లో ఉన్నాడనో, సంతకం లేదనో ఆమెను వారాల తరబడి తిప్పి పంపడం చట్టం కాదు. ఆమె ఇష్టం లేకుండా కడుపు తీయించడం మాత్రం పెద్ద నేరం, భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ ప్రకారం యావజ్జీవ శిక్ష దాకా పడవచ్చు. ఆడపిల్లని తెలుసుకుని తీయించే దుర్మార్గానికి 1994 చట్టం వేరే ఉంది. మైనరు బాలిక విషయంలో సంరక్షకుల సంతకం కావాలి, పోక్సో చట్టం కింద సమాచారమూ ఇవ్వాలి. అయితే బాలిక లేదా సంరక్షకులు కోరితే ఆమె పేరు, గుర్తింపు వివరాలు డాక్టరు వెల్లడించనక్కరలేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఎవరి విషయంలోనైనా గోప్యత కాపాడటం చట్టబద్ధమైన బాధ్యత. సహాయం చేసే సంస్థలు కూడా తమ రిజిస్టరులో పేర్లు రాసే తీరును ఒకసారి చూసుకోవాలి.

నూట ఇరవై రోజుల మాట

మన కుటుంబాలు డాక్టరు గది నుంచి బయటికి రాగానే వెళ్లేది ఇమామ్ సాహెబ్ దగ్గరికే. అబ్దుల్లాహ్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన, బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న హదీసు ఆధారంగా గర్భంలో నలభై రోజుల చొప్పున మూడు దశలు గడిచాక ఆత్మ ఊదబడుతుందని ధర్మవేత్తలు చెబుతారు. 120 రోజుల లెక్క అక్కడిదే. ఆ తరువాత గర్భం తీయడం నిషిద్ధమన్నదానిలో భేదాభిప్రాయం లేదు, తల్లి ప్రాణం పోయే పరిస్థితిని మాత్రం ఈ కాలపు ధర్మవేత్తలు మినహాయిస్తారు. అంతకుముందు దశ గురించి అందరి మాట ఒకటి కాదు. మాలికీ ధర్మవేత్తల్లో ఎక్కువమంది మొదటి నుంచే కూడదంటారు. హనఫీల్లో పలువురు సరైన కారణం ఉంటే అనుమతిస్తారు. కారణం లేకుండా తీయించడాన్ని తేలికగా తీసుకున్నవారు తక్కువ. ఇమామ్ గజాలీ గర్భం పెరిగేకొద్దీ దాన్ని తీయడంలోని పాపం పెరుగుతుందని రాశారు. 1990లో మక్కాలో రాబితా ఆధ్వర్యంలోని ఫిఖ్హ్ మండలి, పిండంలో వైద్యానికి లొంగని తీవ్ర లోపం ఉందని నిపుణులైన డాక్టర్ల బృందం పరీక్షలతో నిర్ధారిస్తే, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు అనుమతి ఉందని తీర్మానించింది.

పేదరికపు భయంతో సంతానాన్ని చంపవద్దని ఖుర్ఆన్ రెండు చోట్ల (6:151, 17:31) హెచ్చరించింది. నాలుగో కాన్పు ఖర్చుకు భయపడి వచ్చిన తల్లికి ఈ ఆయతులు వినిపించి పంపేయడం సులువు. కాన్పు ఖర్చు, ఇంటికి ఆరు నెలల రేషన్ మనం చూస్తామని చెప్పలేనప్పుడు ఆ ఆయతు ఎవరిని ఉద్దేశించిందో ఆలోచించుకోవాలి.

ఎనిమిది రోజులు

ఇప్పుడు మళ్లీ జనవరి 1 ఇల్లాలి దగ్గరికి వద్దాం. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ సాధారణంగా 18 వారాలు నిండాక చేస్తారు. ఆమెకు అది మే 7. ఆమె 120 రోజులు నిండేది మే 15. మధ్యలో ఉన్నది ఎనిమిది రోజులు. ఈ ఎనిమిది రోజుల్లో లోపం నిజమని రెండో డాక్టరు చెప్పాలి, అవసరమైతే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి, ముఫ్తీ సాహెబ్‌ను అడగాలి, భార్యాభర్తలు ఏడ్చి, తేరుకుని ఒక నిర్ణయానికి రావాలి. స్కాన్‌కు డబ్బు లేక 21వ వారంలో తీయించుకుంటే చట్టం దారి ఇంకా తెరిచే ఉంటుంది కానీ, ఆమె విశ్వసించే దారి మూసుకుపోయి ఉంటుంది. సహాయం మంజూరు చేసే మీటింగు నెలకొకసారి జరిగితే ఈ ఎనిమిది రోజులకు అది ఎలా సరిపోతుంది? గర్భవతుల స్కాన్లకు, పరీక్షలకు మాత్రం ఒకరిద్దరు బాధ్యుల సంతకంతో అదే రోజు డబ్బు ఇచ్చే చిన్న నిధి వేరుగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. దాని దగ్గర కూర్చునేది ఒక మహిళ అయితే దరఖాస్తులో ‘ఆడవాళ్ల జబ్బు’ అని రాసే అవసరమూ తప్పుతుంది.

అంతకన్నా ముందే చేయగల పని తలసేమియాలో ఉంది. మేనరికాలు, చిన్నాన్న పెదనాన్న పిల్లల మధ్య సంబంధాలు మనలో ఎక్కువ. భార్యాభర్తలిద్దరూ బీటా తలసేమియా వాహకులైతే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు తీవ్రమైన తలసేమియా రావడానికి ఉంటుంది. ఆ బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తూ, ఒంట్లో పేరుకునే ఇనుమును తీసే మందులు జీవితాంతం వాడాలి. వాహకులకు ఏ జబ్బూ కనబడదు, రక్తం కాస్త తక్కువ అంటారంతే. హెచ్‌బి ఎ2 అనే ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది. పెళ్లికి ముందు చేయిస్తే అందరికన్నా మేలు. లేదంటే గర్భం తెలిసిన తొలి వారంలోనే ఆమెకు, ఆమె వాహకురాలని తేలితే వెంటనే భర్తకు చేయించాలి. ఇద్దరూ వాహకులైతే ముందుగా వారి రక్తంలో ఏ జన్యులోపం ఉందో తేల్చి, 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిటికెడు కణజాలం తీసి పరీక్షిస్తారు. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. మన ఇల్లాలికి ఆ పరీక్ష మార్చి చివర్లో పడుతుంది. మే 15కు ఇంకా ఆరేడు వారాలుంటాయి. నిర్ణయం ఏదైనా తొందర లేకుండా తీసుకోవచ్చు. ఇరాన్ 2005లో చేసిన చట్టం కూడా ఇలాంటి తీవ్ర లోపాలకు నాలుగు నెలల లోపునే అనుమతించింది. అక్కడ తలసేమియా పరీక్ష పెళ్లి దగ్గరే మొదలవుతుంది.

ఇది చదివి, ఇప్పటికే తలసేమియాతో ఉన్న పిల్లలను భారంగా చూసేవారు ఉండకూడదు. వారికి రక్తదానం చేసే చేయే ఈ పరీక్షలకూ ఖర్చు పెట్టాలి. లోపం తెలిసీ బిడ్డను కంటామన్న దంపతులకు సహాయం ఏమాత్రం తగ్గకూడదు.

తరువాతి రోజులు

పని ముగిసిందని మందు చీటీ మడిచి దాచేస్తారు. తల్లిది ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తం, భర్తది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగాలి. 12 వారాలు దాటినవారు దీన్ని అసలు మరువకూడదు. ఇంజెక్షన్ ఖరీదు చూసి వెనకాడితే తరువాతి బిడ్డకు ముప్పు. మళ్లీ గర్భం రెండు వారాల్లోపే నిలవగలదు కాబట్టి వద్దనుకునేవారు మొదటి రోజు నుంచే జాగ్రత్తపడాలి. నాలుగైదు నెలల గర్భం పోయినవారికి మూడో నాలుగో రోజున పాలు పడతాయి. ఒడిలో బిడ్డ లేకుండా ఆ పాలతో రొమ్ములు గట్టిపడిన తల్లికి, ఇది మామూలేనని, బిగుతైన లోదుస్తులు, చల్లని కాపడం, నొప్పి మాత్ర చాలునని చెప్పే ఖాలా ఒకరు పక్కన ఉండాలి. రక్తస్రావం నిఫాస్ కిందికి వస్తుందా, నమాజు ఎప్పటినుంచి అన్నది పిండంలో అవయవాలు ఏర్పడ్డాయా లేదా అన్నదాని మీద ఉంటుంది. డాక్టరు చెప్పిన వారాలు ఆలిమ్‌కు చెప్పి అడగండి.

ఇంకొకటి ఆసుపత్రిలో చేరేముందే మాట్లాడుకోవాలి. అవయవాలు ఏర్పడిన పిండాన్ని బట్టలో చుట్టి ఖననం చేయడం మన పద్ధతి. కానీ ఆసుపత్రి నియమాల్లో తక్కువ వారాల పిండం వైద్య వ్యర్థాల కిందికి వస్తుంది, పసుపు సంచిలోకి వెళుతుంది. కావాలని ముందుగా చెప్పి, కాగితం రాసి ఇస్తే అప్పగించే వీలుందేమో అడిగి తెలుసుకోవాలి. ఆ పని అయ్యేది తరచు రాత్రివేళ. ఖబ్రస్తాన్ కమిటీ వారు ఓ మూల చిన్న గుంతలకు చోటు కేటాయించి, ఫీజు లేకుండా, ఏ వేళనైనా గేటు తీసే మనిషి ఫోన్ నంబరు మస్జిద్ నోటీసు బోర్డు మీద రాసి ఉంచితే, ఆ తండ్రి చేతిలో చిన్న మూటతో ఆసుపత్రి మెట్ల మీద తెల్లవారేదాకా కూర్చోనక్కరలేదు.